నాయన దరువు

మా అన్న సిలార్ సాహెబ్ తన నాదస్వరం బాణీని ఆరుసార్లు మార్చాడు. మొదటి మూడుసార్లు చెమటోడ్చి మారాడు. తర్వాత మూడుసార్లు నెత్తిన టోపీ పెట్టించుకుని మారాడు. ఆరుసార్లూ శాలువాలు ఆయనకి, వేళ్లకి కాయలు నాకు. డోలు వాయించేవాడి బతుకంతే. పెళ్లికొడుకు పక్కన తోడిపెళ్లికొడుకుని ఎవరు చూస్తారు?

మాది చిలకలూరిపేట దగ్గర ఊరు. నూర్‌బాషాలం, దూదేకుల సాయిబులం. నాలుగు తరాలుగా గుడిలో సేవలకీ, ఊళ్లో పెళ్లిళ్లకీ మా ఇంటి మేళమే. నాయన నాదస్వరం పెద్దకొడుక్కిచ్చాడు, డోలు నాకిచ్చాడు. నా పేరు జాన్‌సైదా. అన్నకంటే నాలుగేళ్లు చిన్న. నాకు పన్నెండేళ్లప్పట్నుంచీ ఆయన పక్కనే కూర్చున్నాను.

నాయనది నిదానం బాణీ. ఒక్కో స్వరం మీద తీరుబడిగా కూర్చునేవాడు. అన్నకి పాతికేళ్లొచ్చేసరికి ఆ నిదానం మీద విసుగు పుట్టింది. వాడకుండా పడున్న, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం ఒకటి చూసుకుని ఆర్నెల్లు తలుపేసుకున్నాడు. ఎదురుగా డోలుతో నేను. బయటికొచ్చాక ఆయన వేళ్ల వేగం చూసి, "ఇది మేళమా, గుర్రప్పందెమా?" అన్నారు ఊరి పెద్దలు. రెండేళ్లు తిరక్కుండా ఆ పెద్దలే, మేళమంటే సిలార్‌దే అన్నారు. ముప్పైఎనిమిదో ఏట, అందరూ తనలాగే వాయిస్తున్నారని మళ్లీ బ్యారన్‌లో దూరాడు. శాక్సఫోనుతో జత కలిసే తేట బాణీ ఒకటి పట్టుకొచ్చాడు. యాభయ్యో ఏట దాన్నీ వదిలేశాడు. నాలుగు వీధులకి వినబడే వాయిద్యాన్ని గుసగుసలాడించాడు. నేను మూడుసార్లూ డోలు మొదటి పాఠం నుంచి నేర్చుకున్నాను. తిట్టుకుంటూనే నేర్చుకున్నాను గానీ, ఆ మార్పుల్లో నిజంగా ప్రాణం ఉండేది. అది ఒప్పుకోకపోతే నా డోలు మీద ఒట్టు.

"జనానికి అలవాటయ్యామంటే చచ్చామన్నమాటేరా సైదా," అనేవాడు.

అరవైరెండో ఏట నాలుగోసారి బ్యారన్‌లోకి వెళ్లాడు. నాలుగు నెలలు కూర్చున్నాం. ఏది మొదలుపెట్టినా వేళ్లు గానుగెద్దులా తిరిగి పాత దారిలోకే వచ్చేవి. ఒకరోజు మధ్యాహ్నం బ్యారన్ మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు.

"వేళ్లు నా మాట ఇనటం లేదురా."

నాకు ఆయన మీద ఆ రోజు వచ్చినంత జాలి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

మంగళగిరి దాటాక కొత్తగా కట్టిన మెదడు పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ వకుళ వచ్చింది ఆ రోజుల్లోనే. గుంటూరు కచేరీలో మా అన్న మైకు ముందు తన బాధ చెప్పుకుంటే విని, వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్లు కుంటుతూ నడవటానికి అలవాటుపడతారనీ, ఆ తప్పు నడక చెరిపేస్తే సరైన నడక నేర్పడం తేలికనీ, దాని కోసమే ఒక టోపీ తయారుచేశాననీ చెప్పింది. అన్న నమ్మలేదు. ఆవిడ కాగితం తీసి తన పేరు చిన్నపిల్లలు దిద్దినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది.

"ఇరవయ్యేళ్ల నా సంతకం అండీ. టోపీ పెట్టుకుని పదిసార్లు చేశాను. మర్నాటి నుంచి రాదు. ఇప్పుడు ఎలా కావాలంటే అలా కొత్త సంతకం నేర్చుకోవచ్చు."

నాకు ఒళ్లు జలదరించింది. అన్న కళ్లు మెరిశాయి. అక్కడే అర్థమైపోయింది, ఈ మనిషి ఆగడని.

పరిశోధన కేంద్రంలో గాజు గది. అన్న నెత్తిన తీగల టోపీ. గదిలోకి ఫోను, మైకు ఏవీ తీసుకెళ్లకూడదు, టోపీలోని అయస్కాంతం దెబ్బకి చెడిపోతాయట. డోలు లేనిదే వేళ్లు కదలవని అన్న పట్టుబడితే నన్ను మాత్రం కూర్చోనిచ్చారు.

"నేర్చుకున్నది మెదట్లో సిమెంటులా గట్టిపడుతుంది," అంది డాక్టరు. "దాన్ని గుర్తుచేసుకుని వాయించేటప్పుడు ఓ అరగంట మళ్లీ తడి అవుతుంది. టోపీ దాన్ని తిరిగి గట్టిపడనివ్వదు. అందుకని ఒకటే నియమం. పోవాల్సింది మాత్రమే వాయించండి. ఉండాల్సింది పొరపాటున కూడా ముట్టుకోవద్దు."

అన్న అరగంటసేపు తన గుసగుస బాణీ వాయించాడు. అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. మర్నాడు పొద్దున అదే కీర్తన ఎత్తబోతే గాలి బయటికొచ్చింది, పాట రాలేదు. పసిపిల్లాడిలా నవ్వాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఎవరూ వినని బాణీ ఒకటి పుట్టింది. మద్రాసు నుంచి ఢిల్లీ దాకా, అరవైమూడేళ్ల కుర్రాడన్నారు. నాకు మాత్రం ఒక చిన్న సంగతి తెలిసింది. ముక్తాయింపుకి ముందు ఎడమ కనుబొమ ఎత్తేవాడు, నేను అందుకునేవాణ్ణి. ముప్పైఐదేళ్ల సైగ అది. ఆ కనుబొమ మళ్లీ లేవలేదు. పెళ్లయిన ఇన్నేళ్లకి భార్య పేరు మర్చిపోయిన మొగుణ్ణి నిలదీసినట్టు ఉంటుందని నేను అడగలేదు. నేను అన్న వేళ్లు చూసి అందుకోవడం నేర్చుకున్నాను.

అరవైఏడో ఏట రెండోసారి టోపీ పెట్టుకున్నాడు. ఈసారి నష్టం ఇంటిదాకా వచ్చింది. మా మేనకోడలి పెళ్లి. మా ఇళ్లలో నిఖాతో పాటు తాళి కూడా ఉంటుంది. పెళ్లిపెద్ద, "గట్టిమేళం, గట్టిమేళం" అని అరిచాడు. తాళి కట్టే వేళకి ఏం వాయించాలో మా వీధిలో కోళ్లకి కూడా తెలుసు. అన్న నాదస్వరం నోట్లో పెట్టుకుని నా వంక చూశాడు. ఆ కళ్లలో ఏమీ లేదు. నేను డోలు పగిలేట్టు బాది ఆ నిమిషం గడిపేశాను. పెళ్లివారు దాన్ని కూడా కొత్త పద్ధతి అనుకుని మెచ్చుకున్నారు.

ఆ సాయంత్రం అన్న కూతురు జరీనా తండ్రి పాత రికార్డు ఒకటి పెట్టింది, ఆయన ముప్పయ్యో ఏట వాయించింది.

"ఎవరమ్మా ఈయన? చెయ్యి బాగుంది," అన్నాడు అన్న, కాఫీ తాగుతూ.

జరీనా రికార్డు ఆపేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు ఆ పిల్ల.

జరీనా గురించి చెప్పాలి. మా ఇళ్లలో ఆడపిల్లలకి నాదస్వరం నేర్పరు. అన్న ఆ ఆచారం తన్నేసి, ఏడేళ్ల వయసులో దాని చేతికి వాయిద్యం ఇచ్చాడు. అందుకు ఆయనకి సలాం. ఇరవైనాలుగేళ్లకి తండ్రిని మించే ఊపిరి దానిది. అన్నీ నేర్పాడు, ఒక్కటి తప్ప.

అది నాయన పాట. ఎప్పటి నుంచి వస్తోందో తెలియదు. దాదాపు పదకొండు నిమిషాలు. తండ్రి పోయిన రోజున ఏడాదికొకసారి తెల్లవారుజామున సమాధి దగ్గర మాత్రమే వాయించాలి. మసీదు పెద్దలు మొదట్లో గొణిగారు గానీ, తర్వాత చూసీ చూడనట్టు వదిలేశారు. ఖబరస్తాన్‌లోకి ఆడవాళ్లు రారు గనక జరీనా ఎప్పుడూ వినలేదు. రికార్డు చేయకూడదని నాయన మాట. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. ఈ పాట ఎవరికైనా ఇచ్చిన రోజున, ఇచ్చినవాడు వాయిద్యం దించెయ్యాలి. మళ్లీ ముట్టుకోకూడదు. నాయన అన్నకి ఆ పాట ఇచ్చిన సాయంత్రమే నాదస్వరం మేకుకి తగిలించాడు. తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. తొమ్మిదేళ్లూ దాని మీద దుమ్ము తుడిచాడే గానీ ఒక్కసారి ఊదలేదు.

నాకు ఆ పాట దరువు తెలుసు, పాట తెలియదు. నమ్మరు గానీ నిజం. డోలు వాడికి పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలుస్తుంది, ఎలా తిరుగుతుందో నాదస్వరం వాడికే తెలియాలి. నేను కూనిరాగం తీస్తే జరీనా నవ్వింది.

"నాలుగు స్వరాలే ఉన్నాయి బాబాయ్, మిగతాదంతా దగ్గు."

అన్నకి డెబ్భై నిండింది. మూడో టోపీకి తేదీ ఖాయం చేసుకున్నాడు. ఆ సంగతి తెలిసి జరీనా ఆయన ముందు కూర్చుంది.

"నాన్నా, ఆ టోపీ పెట్టుకునే ముందు తాత పాట నాకివ్వు. ఆ తర్వాత ఎన్ని టోపీలైనా పెట్టుకో."

"ఇస్తే దించెయ్యాలమ్మా. ఆచారం."

"నాకు నాదస్వరం నేర్పినప్పుడు ఏమైంది ఆచారం?"

"అది వేరు, ఇది వేరు. నాలో ఇంకా ఉంది తల్లీ. ఇప్పుడే మేకుకి తగిలించమంటావా?"

నాకు ఒళ్లు మండింది. "ఉన్న ఆచారాలన్నీ తుంగలో తొక్కావు. నీకు అచ్చొచ్చింది ఇదొక్కటే దొరికిందా అన్నా?" అన్నాను.

"డోలు వాయించుకోరా," అన్నాడు.

యాభైనాలుగేళ్లు వాయించాను. ఆ మాటకి మాత్రం అన్నం సహించలేదు. జరీనా ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. గుళ్లో సేవకి వెళ్లి వచ్చేది, అన్నం వడ్డించేది, అంతే. దానికి కావాల్సింది ఆస్తి కాదు, పేరు కాదు. పదకొండు నిమిషాలు.

టోపీ రోజు ఉదయం పదింటికి మంగళగిరి వెళ్లాం. జరీనా కూడా వచ్చి, గదిలో మోత వినబడనంత దూరంగా వరండాలో బెంచీ మీద కూర్చుంది. గాజు గదిలో డాక్టరు ఎప్పటిలా నియమం చెప్పింది. తలుపేసింది. టోపీ సన్నగా మూలగడం మొదలుపెట్టింది. అన్న కళ్లు మూసుకుని గత మూడేళ్లలో పండిన తన బాణీని ఎత్తుకున్నాడు. నేను కూడా వాయించాను. వాయిస్తూ ఆయన ముఖం చూశాను. నవ్వుతున్నాడు! ఇల్లు తగలబెట్టుకుంటూ చలి కాచుకునేవాడి నవ్వు. ఇంకో మూడేళ్లకి ఇంకో టోపీ. ఈయన ఎప్పటికీ దించడు. వాయిద్యం నోట్లో ఉండగానే పోతాడు, పాట ఆయనతో పాటే మట్టిలోకి పోతుంది.

పదిహేను నిమిషాలు గడిచాక ఆయన ఊపిరి కోసం ఆగాడు. ఆ సందులో నా చేతులు నాయన దరువు ఎత్తుకున్నాయి.

కావాలనే ఎత్తాను. సమాధి దగ్గర నాయన దరువు మొదలైందంటే నాదస్వరం అందుకోక తప్పదు. అది వింటే నాయన గుర్తొస్తాడు, కళ్లు తెరుస్తాడు, టోపీ తీసి పారేసి బయటికొచ్చి కూతుర్ని పిలుస్తాడు. అదీ నా లెక్క. డాక్టరు చెప్పిన నియమం నాకు తెలియదా? తెలుసు. మూడుసార్లు విన్నాను. కానీ నాయన పాట మాకు సంగీతం కింద లెక్క కాదు. అది పోయినవాళ్ల కోసం ఫాతెహా చదవడం లాంటిది. చెరిగిపోయేవి బాణీలు, కీర్తనలు, పెళ్లి పాటలు. పలక తుడిస్తే తండ్రి పేరు పోతుందని ఎవరైనా అనుకుంటారా?

అన్న పెదాలు వాటంతట అవే అందుకున్నాయి. మొదటి వరస, రెండో వరస, ఆ పెద్ద మలుపు. కళ్ల వెంట నీళ్లు కారి గడ్డం మీంచి నాదస్వరం మీద పడ్డాయి. గెలిచాననుకున్నాను. పదకొండు నిమిషాలూ వాయించాడు. ఒక్క స్వరం పొల్లుపోలేదు. మందపాటి గాజుకి అవతల డాక్టర్ వకుళ చెయ్యి గుండె మీద వేసుకుని నిలబడి ఉంది. నా డోలు ఆగింది. టోపీ మూలుగు మాత్రం ఇంకో నాలుగు నిమిషాలు వినబడింది.

బయటికొచ్చాక అన్న నా భుజం పట్టుకున్నాడు.

"సైదా, నాయన్ని చూశాన్రా. ఇంక చాలు. రేప్పొద్దున పిల్లకి ఇచ్చేస్తా. ఇచ్చి మేకుకి తగిలిస్తా."

బెంచీ మీంచి జరీనా లేచింది. మూడు వారాల తర్వాత మొదటిసారి, "నాన్నా" అంది. తండ్రి చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించింది. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ముందు సీట్లో కూర్చుని నేను కూడా కులాసాగా వింటున్నాను. మంగళగిరి దాటి ఎంతో దూరం రాలేదు, డాక్టరు చెప్పిన నియమం నా చెవిలో మళ్లీ వినబడింది. పోవాల్సింది మాత్రమే వాయించండి. వెనక్కి తిరిగి ఏదో అనబోయాను. జరీనా నవ్వుతోంది. నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చాప పరిచింది. మేకు కూడా కొట్టించింది, నాయన మేకు పక్కనే. అన్న కొత్త లుంగీ కట్టుకుని కూర్చున్నాడు. నాదస్వరం పీక నోట్లో పెట్టుకుని తడిపాడు. జరీనా తన నాదస్వరం ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"ఎత్తుకోరా సైదా."

దరువు ఎత్తాను. అన్న ఊపిరి పీల్చుకున్నాడు. గాలి వచ్చింది. ఆగాడు. "మళ్లీ," అన్నాడు. మళ్లీ ఎత్తాను. తొమ్మిదిసార్లు ఎత్తాను. పదోసారి అన్న నాదస్వరం కింద పెట్టి నా వంక చూశాడు, పెళ్లిలో చూసిన చూపే.

"దరువు బాగుందిరా. దీని మీదికి ఏం వస్తుంది?"

జరీనా లేచి చాప చుట్టేసింది.

డాక్టర్ వకుళకి ఫోను చేసింది తనే. ఆవిడ కంగారుపడింది. అంత గొప్పగా వాయిస్తుంటే, పోవాల్సిన బాణీలో అదే ఆఖరు ముక్క అనుకున్నానంది. రికార్డు లేదంది. "మళ్లీ నేర్చుకోవచ్చమ్మా, నేర్పేవాళ్లుంటే," అంది. నేర్పేవాడు భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. పాటతో పాటు ఇస్తానన్న మాటా జారిపోయి, అతనే మా వసారాలో కూర్చుని, మేకు ఎందుకు కొట్టారని అడుగుతున్నాడు.

పాట ఇవ్వలేదు గనక దించాల్సిన పని లేకపోయింది. ఆచారం ఆయన్ని మళ్లీ కాపాడింది. ఎనిమిది నెలల్లో ఆరో బాణీ పుట్టింది.

నాయన పోయిన రోజు వచ్చింది. ఇద్దరం ఖబరస్తాన్‌కి వెళ్లాం. జరీనా కూడా వచ్చింది, ఎవర్నీ అడగలేదు, ఎవరూ ఆపలేదు. చేతిలో ఫోను. నేను దరువు ఎత్తాను. నాదస్వరం లేకుండా ఆ దరువు మొదటిసారి విన్నాడు నాయన. నాలుగు నిమిషాలు అన్న తల ఊపుతూ విన్నాడు. తర్వాత నాదస్వరం ఎత్తి ఏదో అందుకున్నాడు. అప్పటికప్పుడు పుట్టిన రాగం. బాగుంది. బాగుండటమే నాకు కోపం తెప్పించింది.

"ఎవరు నేర్పారా నీకీ దరువు?"

"నాయన."

"ఇక్కడ మూలన పడేసే సరుకు కాదిది. విజయవాడ కచేరీలో పెడదాం."

ఇంటికొచ్చాక జరీనా నా దగ్గరికొచ్చింది. తను రికార్డు చేసుకున్న దరువు చూపించి, ఎక్కడ మలుపులున్నాయో గుర్తులు పెట్టమంది. మలుపులు తెలిస్తే పాట కొంచెమైనా పట్టుకోవచ్చేమోనని దాని ఆశ. నెలల తరబడి అడిగింది. నేను గుర్తులు పెట్టాను. ఎన్ని గుర్తులు పెట్టినా పాట రాలేదు. గోడలు లేకుండా గుమ్మాలు నిలబెట్టినట్టు ఉండేది.

"బాబాయ్, ఆ రోజు గదిలో నాన్న తనంతట తనే ఆ పాట ఎత్తుకున్నాడా?" అని చాలాసార్లు అడిగింది. "ఏమో తల్లీ," అనేవాణ్ణి.

విజయవాడ కచేరీ రోజు పొద్దున మళ్లీ అడిగింది. ఆ పూట అబద్ధం నోటికి రాలేదు.

"కాదమ్మా. దరువు నేనే ఎత్తాను."

అది లేచి కచేరీకి తయారవడానికి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది.

కచేరీలో అన్న ఆఖరి అంశంగా ఆ దరువు పెట్టాడు. మైకు దగ్గరికెళ్లి, "దరువు మా నాయనది, పాట నాది," అన్నాడు గర్వంగా. నేను పదకొండు నిమిషాలూ వాయించాను. ప్రతి మలుపులోనూ నాయన పాట ఖాళీ కనబడింది, ప్రతి ఖాళీలోనూ అన్న కొత్త రాగం పోశాడు. అయిపోగానే హాలంతా లేచి నిలబడింది. డెబ్భైఒక్కేళ్ల మా అన్న రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టాడు. ఆ ముఖంలో ఇంత దిగులు కూడా లేదు. పోయిందేమిటో తెలియనివాడికి దిగులెక్కడిది?

ముందు వరసలో జరీనా ఒక్కతే కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టలేదు. తండ్రి వంక చూడలేదు. డోలు మీద ఆగిన నా చేతుల వంకే చూస్తోంది.